చీటీలో లేని జబ్బు

చర్మం ముక్క మా దగ్గరికి ఒంటరిగా రాదు. ఫార్మలిన్ పోసిన చిన్న ప్లాస్టిక్ డబ్బా, దానికి రబ్బరు బ్యాండుతో చుట్టిన ఒక చీటీ. చీటీ మీద పేరు, వయసు, ముక్క ఒంట్లో ఎక్కణ్ణుంచి తీశారు, ఆ కింద డాక్టరుగారి అనుమానాలు. సోరియాసిస్? లైకెన్ ప్లానస్? పిట్రియాసిస్ రోజియా? ఏదైనా మందు పడలేదా? ప్రతి మాట పక్కనా ఒక ప్రశ్నార్థకం. ఏ అనుమానమూ లేకపోతే ముక్క ఎందుకు తీస్తారులెండి.

నేను పెథాలజిస్టుని. నల్లకుంటలో శంకర మఠానికి కాస్త అవతల, ఒక సందులో మేడ మీద మా ల్యాబ్. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్, విద్యానగర్ చర్మం డాక్టర్ల దగ్గర్నుంచి సాయంత్రానికల్లా డబ్బాలు వస్తాయి. చీటీలో ఉన్న అనుమానాలు చదువుతాను గానీ నా కన్ను లేని అనుమానం కోసం వెతుకుతుంది. సెకండరీ సిఫిలిస్ అని నేను రిపోర్టు ఇచ్చిన కేసుల్లో, ఆ పేరు చీటీ మీద ముందే రాసి వచ్చినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

నిజానికి సిఫిలిస్ తేల్చడానికి చర్మం కోయక్కర్లేదు. రెండు మిల్లీలీటర్ల రక్తం చాలు. సర్కారు దవాఖానాలో ఉచితంగా చేస్తారు. బయట చేయించినా బయాప్సీ ఖర్చుతో పోలిస్తే లెక్కలోకి రాదు. అయినా జనం మత్తు సూది వేయించుకుని, కుట్టు వేయించుకుని, నాలుగైదు రోజులు రిపోర్టు కోసం ఎదురుచూసి, ఇంత చుట్టు తిరిగి అదే రక్తపరీక్ష దగ్గరికి వస్తారు. కారణం ఒక్కటే. ఆ పరీక్ష రాయాలన్న ఆలోచన మొదట ఎవరికీ రాలేదు, వచ్చినా రాయడానికి మొహమాటపడ్డారు. మైక్రోస్కోపుకి మొహమాటం లేదు.

ఆ జబ్బు నడక ముందు చెప్పాలి. సూక్ష్మజీవి పేరు ట్రెపొనీమా పాలిడమ్. 1905లో బెర్లిన్‌లో షౌడిన్, హాఫ్‌మన్ అనే ఇద్దరు దాన్ని మొదటిసారి చూశారు. మెలికలు తిరిగిన, మామూలు రంగులు పట్టని, పాలిపోయిన జీవి. లైంగిక సంపర్కంలో ఒంట్లోకి చేరాక, సాధారణంగా మూడు వారాల తర్వాత చేరిన చోట ఒక పుండు వేస్తుంది. నొప్పి ఉండదు. ఆడవాళ్ళలో అది కంటికి కనపడే చోట కూడా ఉండకపోవచ్చు. మందు వాడినా వాడకపోయినా కొన్ని వారాల్లో దానంతటదే మానిపోతుంది. "అమ్మయ్య, పోయింది" అనుకుంటారు. పోదు, రక్తంలో పడి ఒళ్ళంతా పాకుతుంది. ఇంకొన్ని వారాలకి ఒంటి మీద రాగిరంగు మచ్చలు, సన్నటి పొట్టు, కొద్దిగా జ్వరం, గొంతు నొప్పి, మెడ దగ్గరా గజ్జల్లోనూ బిళ్ళలు. అరిచేతుల్లో, అరికాళ్ళలో మచ్చలుంటే మరీ అనుమానించాలి. ఎక్కువమందికి దురద ఉండదు. దురద లేకపోవడమే మనవాళ్ళని మోసం చేస్తుంది, గోక్కోవలసిన అవసరం రాకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళే తొందరేముంది? ఈ మచ్చలూ వాటంతటవే మాయమవుతాయి. ఆ తర్వాత ఏళ్ళ తరబడి చప్పుడుండదు. వైద్యం లేకుండా వదిలేసిన వాళ్ళలో కొందరికి గుండె పక్కనుండే పెద్ద ధమని, మెదడు, వెన్నుపాము దెబ్బతింటాయి. అయితే కన్నుకీ మెదడుకీ అది ఏ దశలోనైనా పాకగలదు. గర్భిణికి ఉంటే కడుపులో బిడ్డకి పాకుతుంది.

నా దగ్గరికి వచ్చేవి మచ్చల దశలోవి.

డబ్బాలో ఉన్నది నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు ముక్క. గుండ్రటి అంచున్న పంచ్ అనే పరికరంతో తీస్తారు. ఫార్మలిన్‌లో నానాక రాత్రంతా మెషీన్‌లో ఆల్కహాలూ జైలీనూ తాగి, పొద్దున్నకి మైనం దిమ్మలో చేరుతుంది. అక్కణ్ణుంచి మా టెక్నీషియన్ పని. పాతికేళ్ళ అనుభవం ఉన్న మనిషి, నల్గొండ జిల్లా. మైక్రోటోమ్ చక్రం తిప్పుతుంటే మైనం రిబ్బను సాగుతూ వస్తుంది, ఒక్కో పొర మిల్లీమీటరులో 250వ వంతు మందం. ఆ రిబ్బన్ని వేలితో తాకకుండా బ్రష్షుతో ఎత్తి గోరువెచ్చటి నీళ్ళ మీద పరుస్తాడు. ముడతలు విడిపోగానే గాజు పలక కిందనుంచి పెట్టి పైకి లేపుతాడు. ఆ సమయంలో ఫ్యాన్ వేస్తే ఊరుకోడు. "మేడమ్, గాలొస్తే పొర కొట్టుకపోతది, అటెన్క నన్ను అనకున్రి" అంటాడు. తర్వాత హెమటాక్సిలిన్, ఇయోసిన్. మొదటిది ఒక మెక్సికో ప్రాంతపు చెట్టు చేవలోంచి తీసే రంగు, కణాల కేంద్రకాల్ని ఊదా నీలంగా చేస్తుంది. రెండోది మిగతాదంతా గులాబీ.

ఇక్కడ ఒక సంగతి. ఈ రంగుల్లో సిఫిలిస్ క్రిమి అసలు కనపడదు. అంటే నేను చూసేది దొంగని కాదు, దొంగ తిరిగి వెళ్ళిన ఇంటిని.

మొదట అతి తక్కువ పవర్‌లో పెడతాను. కొత్తగా చేరిన పీజీ పిల్లలు ఒకేసారి పెద్ద లెన్సు తిప్పుతారు, కణాల్ని చూడాలన్న ఆత్రం. దూరం నుంచి చూస్తేనే అల్లిక తెలుస్తుంది. సోరియాసిస్‌లో పైచర్మం మందమై, కిందికి దిగే భాగాలన్నీ దాదాపు ఒకే పొడుగున వరసగా ఉంటాయి. లైకెన్ ప్లానస్‌లో లింఫోసైట్లు పైచర్మం అడుగున పట్టీ వేసినట్టు చేరి, దాని కింది వరసని కొరికేస్తాయి. ఈ రెండూ వేరు వేరు జబ్బులు, వేరు వేరు బొమ్మలు. ఒకే స్లైడులో రెండూ కలిసి ఉన్నాయంటే నేను కుర్చీ ముందుకి జరుపుకుంటాను. సిఫిలిస్ పలకలో పైచర్మం మందమవుతుంది, కానీ కిందికి దిగే భాగాలు సన్నగా, పొడుగ్గా, మర్రి ఊడల్లా వేలాడతాయి. వాటి అడుగున లైకెన్ ప్లానస్‌లో లాంటి కొరుకుడు. పైన పొట్టులో న్యూట్రోఫిల్స్. కింద లోచర్మంలో సన్నటి రక్తనాళాల లోపలి పొర ఉబ్బి, దారి ఇరుకవుతుంది. ఆ నాళాల చుట్టూ, చెమట గ్రంథుల చుట్టూ, వెంట్రుక కుదుళ్ళ చుట్టూ కణాల గుంపులు. ఒక్కో లక్షణం విడిగా ఏ జబ్బులోనైనా ఉండొచ్చు. ఒకదానితో ఒకటి పొసగనివన్నీ ఒకచోట కనపడటమే ఆనవాలు.

ఇక ప్లాస్మా కణాలు. వైద్య విద్యార్థులెవర్నైనా నిద్రలేపి అడిగినా చెబుతారు, సిఫిలిస్ అంటే ప్లాస్మా కణాలని. కోడిగుడ్డు ఆకారం, కేంద్రకం మధ్యలో ఉండకుండా ఒక కొసకి జరిగి ఉంటుంది, దాని పక్కన కొంచెం తెల్లటి జాగా. యాంటీబాడీలు తయారుచేసే కణం ఇదే. ఒక్కసారి గుర్తుపట్టడం వచ్చిందంటే ఇక మర్చిపోవడం ఉండదు. అందుకే అందరూ దాని కోసమే వెతుకుతారు, అక్కడే బోర్లా పడతారు. సెకండరీ సిఫిలిస్ బయాప్సీల్లో సుమారు నాలుగో వంతులో ప్లాస్మా కణాలు లేకపోవచ్చు, ఉన్నా ఒకటీ అరా ఉండొచ్చు. ఇంకోవైపు, పెదవి, నోరు, తల, జననాంగాల చర్మంలో ఏ చిన్న వాపు వచ్చినా ప్లాస్మా కణాలు వచ్చి కూర్చుంటాయి. అక్కడ అవి ఉన్నంత మాత్రాన ఏమీ రుజువు కాదు. నన్నడిగితే రక్తనాళాల ఉబ్బుకి ఎక్కువ మార్కులు వేస్తాను. పుస్తకాలు అంత వెయ్యవు.

ఒక కేసు చెబుతాను. మనిషి ఎవరో తెలియకుండా వివరాలు మార్చాను.

ముప్పై దాటిన ఆవిడ. ముంజేతి మీద నుంచి తీసిన ముక్క. చీటీలో పిట్రియాసిస్ రోజియా, మందు పడకపోవడం అని రెండు అనుమానాలు. స్లైడులో ఇందాక చెప్పినవన్నీ ఉన్నాయి, ప్లాస్మా కణాలు మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి. పంపిన డాక్టరమ్మాయికి ఫోన్ చేశాను. మంచి పిల్ల, చేతిలో పనితనం ఉంది.

"అరిచేతులు చూశావా అమ్మా?"

"చూశాను మేడమ్. రెండు మూడు గోధుమరంగు మచ్చలున్నాయి, అంచు చుట్టూ పొట్టుంది. గిన్నెలు తోమే సబ్బు పడట్లేదేమో అనుకున్నా."

"నోట్లో ఏమైనా ఉందా? గజ్జల్లో బిళ్ళలు?"

"అడగలేదండీ."

"వీడీఆర్‌ఎల్ చేయించావా?"

అవతల కాసేపు మాట లేదు. "మేడమ్, వాళ్ళు చాలా మంచి ఫ్యామిలీ అండీ. ఇద్దరు పిల్లలు. అత్తగారు పక్కనే కూచుని ఉంటారు. ఎలా చెప్పను?"

"అత్తగారిని బయట కూచోమను. ఇలాంటి మచ్చలున్న వాళ్ళందరికీ చేసే పరీక్షేనని పేషెంటుతో చెప్పు. అది నిజమే కదా. ఆవిడ సరేనంటే పంపు."

మంచి ఫ్యామిలీ. ఈ మాట నేను విన్నన్నిసార్లు సిఫిలిస్ అన్న మాట కూడా విని ఉండను. భర్త తప్ప మరొకరు తెలియని ఇల్లాలికీ భర్త ద్వారా రావచ్చు, ఆయనకి పెళ్ళికి ముందే వచ్చి ఉండొచ్చు, ఇవన్నీ క్రిమికి సంబంధం లేని విషయాలు. చరిత్ర తవ్వడం తర్వాత సంగతి. ముందు జబ్బేదో తేలాలి.

రిపోర్టు వచ్చింది, వీడీఆర్‌ఎల్ నెగటివ్. ఆ అమ్మాయి గొంతులో ఊరట వినపడింది. నాకు మాత్రం స్లైడు మనసులోంచి పోలేదు. మళ్ళీ పెట్టి చూశాను. ఉబ్బిన నాళాలు అలాగే ఉన్నాయి.

వీడీఆర్‌ఎల్ అంటే ఏమిటో ఇక్కడ చెప్పుకోవాలి. అది క్రిమిని పట్టే పరీక్ష కాదు. క్రిమి వల్ల దెబ్బతిన్న కణాల కొవ్వు పదార్థాల మీద ఒళ్ళు తయారుచేసుకునే యాంటీబాడీలని పట్టే పరీక్ష. 1946లో అమెరికాలో తయారైంది. రోగి సీరంలో ఒక చుక్క యాంటిజెన్ వేసి కలియబెడితే, యాంటీబాడీలుంటే చిన్న చిన్న ఉండలు కడతాయి. ఉండ కట్టాలంటే ఒక్కో యాంటీబాడీ రెండు చేతులతో రెండు యాంటిజెన్ రేణువుల్ని పట్టుకుని కలపాలి. యాంటీబాడీలు మరీ విపరీతంగా ఉన్నాయనుకోండి, ప్రతి రేణువుకీ బోలెడు యాంటీబాడీలు అతుక్కుపోతాయి, రెండో చేతికి పట్టుకోవడానికి ఖాళీ రేణువు దొరకదు. ఉండ కట్టదు. కళ్ళకి నెగటివ్‌లా కనపడుతుంది. జబ్బు ఉధృతంగా ఉన్నప్పుడే పరీక్ష లేదనడం! దీన్ని ప్రోజోన్ అంటారు. అరుదు, వందకి ఒకటో రెండో. సెకండరీ దశలోనే ఎక్కువ. గర్భిణుల్లోనూ హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళలోనూ ఇంకా జాగ్రత్తగా ఉండాలి. విరుగుడు చాలా తేలిక. సీరాన్ని ఉప్పునీళ్ళతో పలచన చేసి మళ్ళీ చెయ్యడమే.

రక్తం చూసిన ల్యాబుకి ఫోన్ చేస్తే కుర్రవాడు విసుక్కున్నాడు. "నెగటివ్ వచ్చినాక ఇంక డైల్యూషన్ దేనికి మేడమ్?" పాజిటివ్ వస్తేనే ఎంత పాజిటివో చూడ్డానికి పలచన చేస్తారు, అదీ అతని పాఠం. అతని తప్పేం లేదు, ఎవరూ అలా అడిగి ఉండరు. చేశాడు. 1:128 దాకా పాజిటివ్. క్రిమి మీదే నేరుగా ఉండే యాంటీబాడీలని పట్టే టీపీహెచ్‌ఏ కూడా పాజిటివ్. ఆవిడకి విషయం చెప్పి, అనుమతి తీసుకుని చేసిన హెచ్‌ఐవీ పరీక్ష నెగటివ్. భర్తని పిలిపించారు, ఆయనకీ ఉంది.

రక్తపరీక్ష ఉండగా బయాప్సీ దేనికని మొదట్లో అన్నాను. ఇదిగో, ఇందుకు. రక్తం కాదన్నప్పుడు చర్మం పట్టిచ్చిన కేసు ఇది.

"క్రిమినే చూపించరాదా మరి, ఈ వాదనలెందుకు?" అని అడగొచ్చు. చూపించే రంగు ఒకటి ఉంది. 1920లో మిషిగన్‌లో వార్థిన్, స్టారీ అనే ఇద్దరు కనిపెట్టిన వెండి రంగు. సిల్వర్ నైట్రేట్‌లో స్లైడు పెట్టి, ఫొటో కడిగినట్టు డెవలప్ చేస్తే క్రిమి ఒంటి మీద వెండి పేరుకుని నల్లటి గీతగా కనపడుతుంది. వినడానికి బాగుంది. చెయ్యడం మొదలుపెడితే తెలుస్తుంది. గాజుసామాను యాసిడ్‌తో కడగాలి, పంపు నీటి చుక్క తగిలినా చెడుతుంది, ఒక నిమిషం ఎక్కువైతే స్లైడంతా మసి. మా టెక్నీషియన్ ఆ రోజు ఎవరితోనూ మాట్లాడడు.

అంతకన్నా పెద్ద చిక్కు మన రంగు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా వెండిని పట్టుకుని నల్లబడుతుంది. మెలనిన్ తయారుచేసే కణాలకి సన్నటి కొమ్మలుంటాయి, అవి పైచర్మానికీ లోచర్మానికీ సరిహద్దులో ఉంటాయి. సిఫిలిస్ క్రిములు ఎక్కువగా ఉండే చోటూ సరిగ్గా అదే. తెల్లవాళ్ళ చర్మం మీద గీసిన పుస్తకం బొమ్మ చూసి, మన చామనఛాయ చర్మంలో వెతికితే ప్రతి కొమ్మా క్రిమిలాగే ఉంటుంది. మెలిక ఉందా, ఎన్ని మెలికలు, మందం అంతటా ఒకేలా ఉందా అని ఆయిల్ లెన్సు కింద గంట గడిపినా ఒట్టేసి చెప్పలేని స్లైడులుంటాయి. ఇప్పుడు ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ వచ్చింది, క్రిమిని పట్టే యాంటీబాడీకి రంగు కట్టి వేస్తారు. చాలా మెరుగు. మన చర్మానికి గోధుమరంగు కన్నా ఎర్రరంగు వాడితే మెలనిన్‌తో గందరగోళం ఉండదు. మా చిన్న ల్యాబులో ఆ సదుపాయం లేదు, మైనం దిమ్మని పెద్ద ల్యాబుకి పంపుతాం. అందులోనూ ఒక మెలిక, నోట్లో మామూలుగా కాపురముండే వేరే మెలిక క్రిముల్ని కూడా అది పట్టొచ్చు.

మన ప్రాంతంలో ఈ పని చేసేవాళ్ళకి ఇంకో రెండు జబ్బులు ఎప్పుడూ అడ్డం వస్తాయి. ఒకటి కుష్ఠు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915 నాటికే కుష్ఠు ఆసుపత్రి ఉన్న ప్రాంతం మనది. లోచర్మంలో గ్రాన్యులోమా అనే కణాల ముద్ద కనపడితే మా బుర్ర ముందు అటే వెళుతుంది, అలా వెళ్ళమనే మాకు నేర్పారు. కొంచెం పాతబడిన సిఫిలిస్ మచ్చల్లోనూ గ్రాన్యులోమాలు ఉంటాయి, అవి నరాల చుట్టూ కూడా చేరతాయి. కుష్ఠు మచ్చకి స్పర్శ తగ్గుతుంది, సిఫిలిస్ మచ్చకి తగ్గదు. డాక్టరు దూదితో తాకి చూసి ఆ ఒక్క మాట చీటీలో రాస్తే మాకు సగం పని తప్పుతుంది. ఇంకా చిత్రం, క్రిములు బాగా ఎక్కువగా ఉండే రకం కుష్ఠు రోగుల్లో సిఫిలిస్ లేకపోయినా వీడీఆర్‌ఎల్ పాజిటివ్ రావచ్చు. ఇందాక ఉండీ లేదన్న పరీక్ష, ఇక్కడ లేకుండా ఉందంటుంది. అందుకే టీపీహెచ్‌ఏతో సరిచూసుకోకుండా ఎవరికీ ముద్ర వేయకూడదు.

రెండోది యాస్. భద్రాచలం వైపు ఏజెన్సీలో పెరిగిన పెద్దవాళ్ళకి కోయరోగం అంటే తెలుస్తుంది. సిఫిలిస్ క్రిమికి తోడబుట్టినదే ఈ క్రిమి. శృంగారంతో సంబంధం లేదు, పిల్లలు ఆడుకుంటూ ఒకరి పుండు ఒకరికి తగిలితే వచ్చేది. పెన్సిలిన్ సూదులతో దాన్ని తరిమేశారు. దేశంలో చివరి కేసులు 2003లో, 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌ను యాస్ లేని దేశంగా ప్రకటించింది. మన ప్రజారోగ్యంలో నిజంగా గర్వపడవలసిన సంగతి, ఎవరూ చెప్పుకోరు. నాకెందుకు పనికొస్తుందంటే, చిన్నప్పుడు కోయరోగం వచ్చి నయమైన ముసలాయనకి ఈ రోజు టీపీహెచ్‌ఏ చేస్తే పాజిటివే వస్తుంది. రక్తపరీక్షలు ఆ రెండు క్రిముల్నీ విడదీయలేవు. ఊరేదో, బాల్యం ఎక్కడ గడిచిందో అడగకుండా డెబ్బై ఏళ్ళ మనిషిని కుటుంబం ముందు తలదించుకునేలా చెయ్యడం ఎంత సులువో చూడండి.

నేను ఉస్మానియా మెడికల్ కాలేజీలో చదివే రోజుల్లో ఎస్‌టీడీ ఓపీ అంటే తెల్లారేసరికి బెంచీలు నిండేవి. హౌస్‌సర్జన్లం చీకటి గదిలో డార్క్‌గ్రౌండ్ మైక్రోస్కోపు ముందు కూచుని, పుండు మీద నుంచి తీసిన చుక్కలో బతికున్న క్రిమి నల్లటి నేపథ్యంలో తెల్లగా మెలికలు తిరుగుతూ పోవడం చూశాం. ఆ చూపు ఉన్న తరం మాది. తర్వాత హెచ్‌ఐవీ భయం, కండోమ్ ప్రచారం, ప్రతి జ్వరానికీ మింగే యాంటీబయాటిక్కులు, అన్నీ కలిసి జబ్బు బాగా తగ్గింది. మా తర్వాత వచ్చిన డాక్టర్లు దాన్ని పుస్తకంలోనే చదివారు. ఇప్పుడు తిరిగి తల ఎత్తుతోంది. 2022లో ప్రపంచంలో కొత్తగా 80 లక్షల మంది పెద్దలకి సోకిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అమెరికాలో ఆ ఏడు నమోదైన కేసులు 1950 తర్వాత ఎన్నడూ లేనన్ని. మన పిల్లలు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు.

మా పేటలో ఒంటి మీద దద్దుర్లూ జ్వరమూ కలిసి వస్తే జనానికి ముందు గుర్తొచ్చేది ఫీవర్ హాస్పిటల్. పాతవాళ్ళకి ఇప్పటికీ అది కోరంటి దవాఖానాయే. డెంగీ, తట్టు, ఆటలమ్మ, ఇవన్నీ ఆ గేటు దాటి వెళ్ళేవే. ఆ గుంపులో సెకండరీ సిఫిలిస్ కూడా నడుచుకుంటూ పోగలదు, దానికీ జ్వరం, దద్దుర్లు, బిళ్ళలే. మరికొందరు మెడికల్ షాపుకి వెళ్ళి, ఫంగస్‌కీ గజ్జికీ అన్నింటికీ కలిపి ఉండే స్టిరాయిడ్ ట్యూబు ఒకటి కొనుక్కుని రాసుకుంటారు. నెల రోజులు ఆ క్రీము తాగిన చర్మాన్ని నాకు పంపితే సగం ఆనవాళ్ళు చెరిగిపోయి ఉంటాయి. అశోక్‌నగర్ హాస్టళ్ళ నుంచి జుట్టు రాలుతోందని వచ్చే కుర్రవాళ్ళలో నూటికి తొంభై తొమ్మిదిమందికి వేరే కారణాలే ఉంటాయి. పురుగు కొట్టిన బట్టలా అక్కడక్కడా ఊడిన తల కనపడితే మాత్రం, పేనుకొరుకుడు అని పంపేసే ముందు ఒక రక్తపరీక్ష చేయించండని డాక్టర్లతో పోట్లాడుతుంటాను.

ఇక రిపోర్టు ఎలా రాయాలన్నది స్లైడు చూడటం కన్నా కష్టం. బయాప్సీ మీద "ఇది సిఫిలిసే" అని ఎవరూ సంతకం పెట్టరు. "సెకండరీ సిఫిలిస్‌ను సూచించే లక్షణాలున్నాయి, ఆర్‌పీఆర్, టీపీహెచ్‌ఏతో సరిచూడాలి" అని రాస్తాం. ఆర్‌పీఆర్ వీడీఆర్‌ఎల్ లాంటి పరీక్షే. కొందరు సహోద్యోగులు ఆ పేరు కూడా రాయరు. "ప్లాస్మా కణాలున్న చర్మశోథ, తగిన పరీక్షలతో పోల్చుకోవాలి" అని గుండ్రంగా తిప్పుతారు. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. రిపోర్టు రసీదు తెచ్చిన వాళ్ళ చేతికి వెళుతుంది, మరిదో, బావమరిదో, ఆఫీసు అటెండరో. లేదా వాట్సాప్‌లో పీడీఎఫ్ అయి ఇంటి గ్రూపు దాకా పోతుంది. పేరు గూగుల్ చేస్తే చాలు, ఇంట్లో ఆ రాత్రి వంట ఉండదు. అయినా పేరు రాయకపోవడాన్ని నేను ఒప్పుకోను. తిప్పి రాసిన రిపోర్టు చదివిన డాక్టరు కూడా తిప్పి చదువుతాడు, రోగి అదే క్రీముతో ఇంటికి వెళతాడు. నేను పేరు రాస్తాను, కానీ కౌంటరులో ఇవ్వను. సీలు వేసిన కవరు డాక్టరుకే పంపించి, ముందు ఫోన్ చేస్తాను. మా రిసెప్షన్ అమ్మాయి "కవర్లో ఏముంది" అని అడిగే బంధువులకి "డాక్టరుగారి దగ్గరికి రమ్మన్నారండీ" అని ఒకే మాట చెప్పడం నేర్చుకుంది.

వైద్యం గురించి పెద్దగా చెప్పేదేం లేదు, అంత సులువు. తొలి దశల్లో బెంజథైన్ పెన్సిలిన్, 24 లక్షల యూనిట్లు, పిరుదుల కండలో ఒక్కసారి. మందు చిక్కగా ఉంటుంది, నొప్పి గట్టిగానే ఉంటుంది. ఎప్పుడు సోకిందో తెలియనంత పాతదైతే వారానికొకటి చొప్పున మూడు. పెన్సిలిన్ పడని వాళ్ళకి డాక్సీసైక్లిన్, గర్భిణులకి మాత్రం పెన్సిలినే. సూది వేసిన రోజే చలి, జ్వరం వచ్చి మచ్చలు ఇంకా ఎర్రబడొచ్చు. క్రిములు ఒక్కసారిగా చావడం వల్ల వచ్చేది, ఒక రోజులో తగ్గుతుంది. మందు పడలేదని బెదిరి పరుగెత్తక్కర్లేదు. రియాక్షన్ భయంతో పెన్సిలిన్ ఇవ్వడానికి వెనకాడే క్లినిక్కులున్నాయి. అలాంటప్పుడు పెద్ద సర్కారు దవాఖానాల్లోని సురక్ష క్లినిక్కులకి వెళ్ళమంటాను. అక్కడ ఈ జబ్బు గురించి గుసగుసలాడరు, భార్యాభర్తలిద్దరికీ వైద్యం చేస్తారు.

సూది వేశాక నయమైందో లేదో చర్మం చూసి చెప్పలేం, మచ్చలు ఎలాగూ పోతాయి. ఆర్‌పీఆర్ లేదా వీడీఆర్‌ఎల్ అంకె దిగాలి. 1:128 ఉన్నది ఏడాదిలోగా 1:32కి గానీ అంతకన్నా కిందికి గానీ రావాలి. మొదట ఏ పరీక్ష చేశారో చివరిదాకా అదే చేయించుకోవాలి, ల్యాబు కూడా మార్చకపోతే మంచిది. నేను చెప్పిన ఆవిడకి ఆరు నెలలకి 1:16. టీపీహెచ్‌ఏ మాత్రం ఎక్కువమందిలో జీవితాంతం పాజిటివ్‌గానే ఉండిపోతుంది. అది జబ్బు ఉందని కాదు, ఒకప్పుడు వచ్చిందని. ఈ తేడా తెలియక ఎక్కడ ఇబ్బంది పడతారంటే, గల్ఫ్ మెడికల్‌లో. అక్కడికి వెళ్ళేవాళ్ళకి చేసే పరీక్షల్లో సిఫిలిస్ ఉంటుంది. ఎప్పుడో పూర్తిగా నయమైన మనిషి కూడా అక్కడ చిక్కుకోవచ్చు. జగిత్యాల నుంచీ నిజామాబాద్ నుంచీ పాత రిపోర్టు కాపీ కావాలని ఫోన్లు వస్తుంటాయి. మైనం దిమ్మలు మేం దాచి ఉంచుతాం, కావాలంటే మళ్ళీ కోసి చూపించగలం. కానీ ఆ దిమ్మ చెప్పేది ఆనాడు ఏం జబ్బు వచ్చిందో అంతే. నయమైందని చెప్పాలంటే సూది వేసిన తేదీ ఉన్న ఓపీ కాగితం, ఆ తర్వాత దిగుతూ వచ్చిన ఆర్‌పీఆర్ అంకెలు కావాలి. అవి మా దగ్గర ఉండవు. ఇంట్లో ఎవరికంటా పడకూడదని చాలామంది మొదట చింపేసేవీ అవే. కనీసం ఫోన్‌లో ఫొటో తీసి దాచుకోమని చెప్పమంటూ డాక్టర్లకి ఇప్పుడు రిపోర్టుతో పాటు ఒక వాక్యం రాసి పంపుతున్నాను.